లోపాన్ని ఒప్పుకొని గెలిచిన ఇంజనీరు: హెరాల్డ్ బ్లాక్

టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరైన మనలో చాలామందికి క్యారియర్ గదులు గుర్తుండే ఉంటాయి. ఒకే తీగ జత మీద అనేక సంభాషణలు ఒకేసారి వందల మైళ్ళు నడిచేవి. ఒక ఛానెల్‌లోని మాట మరొక ఛానెల్‌లోకి చొరబడకుండా చూడటమే అక్కడి వారి నిత్య కృషి. ఆ చొరబాటుకు అసలైన మందు కనిపెట్టినవారు హెరాల్డ్ స్టీఫెన్ బ్లాక్. హామ్ రేడియో అభిరుచి ఉన్న మన మిత్రులకు కూడా ఆయన జీవితం ఎంతో నేర్పుతుంది.

బ్లాక్ 1898 ఏప్రిల్ 14న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, లెమిన్‌స్టర్ పట్టణంలో జన్మించారు. అదే రాష్ట్రంలోని వూస్టర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, 1921లో పట్టా పుచ్చుకున్నారు. వెంటనే న్యూయార్క్‌లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీరింగ్ విభాగంలో చేరారు. 1925లో ఆ విభాగమే బెల్ లేబరేటరీస్ అయింది.

ఆ రోజుల్లో టెలిఫోన్ ఇంజనీర్లను వేధించిన సమస్య యాంప్లిఫయర్. దూరం పోయేకొద్దీ మాట నీరసిస్తుంది కనుక, దారిలో అక్కడక్కడా రిపీటర్లు పెట్టి బలం చేకూర్చాలి. కాని వాల్వు యాంప్లిఫయర్ పూర్తిగా నమ్మకమైన నౌకరు కాదు. సన్నని మాటను పదింతలు చేసినది, గట్టి మాటను తొమ్మిదింతలే చేయవచ్చు. లోపలికి వెళ్ళినదానికీ బయటికి వచ్చినదానికీ నిష్పత్తి మారకుండా ఉండటాన్నే లీనియారిటీ అంటారు. అది చెడితే అసలు లేని కొత్త ధ్వనులు పుడతాయి, పక్క ఛానెల్‌లోకి జొరబడతాయి. ఒక యాంప్లిఫయర్‌లో ఈ దోషం కొంచెమే అయినా, వరుసగా వందలాది యాంప్లిఫయర్లు దాటేసరికి అంతా పేరుకొని మాట పాడైపోతుంది.

అందరూ దోషం లేని వాల్వు తయారుచేయాలని ప్రయత్నిస్తున్నారు. బ్లాక్ కూడా మొదట ఆ దారిలోనే నడిచారు. 1923 మార్చిలో ప్రసిద్ధ శాస్త్రవేత్త స్టైన్‌మెట్స్ ప్రసంగం విన్నారు. సమస్య మూలానికి సూటిగా వెళ్ళే ఆయన పద్ధతి బ్లాక్ మనసుకు హత్తుకుంది. ఆ రాత్రే ఇంటికి వెళ్ళి తన ప్రశ్నను మార్చుకున్నారు. యాంప్లిఫయర్‌లో దోషం ఉంటుందని ఒప్పుకొని, బయటికి వచ్చినదానిలోంచి ఆ దోషాన్ని మాత్రం ఏరిపారేస్తే చాలునని నిశ్చయించారు. బయటికి వచ్చినదాన్ని తగినంత తగ్గించి, లోపలికి వెళ్ళినదానితో పోల్చి తీసివేస్తే మిగిలేది దోషమే. దానిని వేరొక యాంప్లిఫయర్‌తో పెంచి, ఎదురు దిశలో కలిపితే అసలు దోషం రద్దవుతుంది. నమూనా కట్టి చూస్తే ఫలించింది. అయితే గంటకొకసారి ఎవరో ఒకరు ఫిలమెంట్ కరెంటు సరిచూస్తూ ఉండవలసి వచ్చింది. రాత్రింబవళ్ళు మనిషి కాపలా కాయవలసిన యంత్రం వేల మైళ్ళ లైనుకు పనికిరాదు.

మరో నాలుగేళ్ళు గడిచాయి. 1927 ఆగస్టు 2వ తేదీ ఉదయం, 29 ఏళ్ళ బ్లాక్ హడ్సన్ నది మీద లాకవానా ఫెర్రీలో ఆఫీసుకు వెళుతున్నారు. హఠాత్తుగా ఆలోచన స్ఫురించింది. బయటికి వచ్చినదానిలో కొంత భాగాన్ని తలకిందులుగా మళ్ళీ లోపలికే పంపితే, యాంప్లిఫయర్ తన తప్పును తానే దిద్దుకుంటుంది. చేతిలోని న్యూయార్క్ టైమ్స్ పేజీ మీదే బొమ్మ గీసి, సమీకరణం రాసి సంతకం చేశారు. ఆఫీసు చేరగానే ఒక సహోద్యోగికి వివరించి, సాక్షి సంతకం కూడా తీసుకున్నారు. ఇదే నెగటివ్ ఫీడ్‌బ్యాక్.

దీనికి చెల్లించవలసిన మూల్యం ఉంది. లక్షింతలు పెంచగల యాంప్లిఫయర్‌ను ఫీడ్‌బ్యాక్‌తో వందింతలకు దించుకుంటే, దోషం కూడా సుమారు వెయ్యి రెట్లు తగ్గుతుంది. బలం వదులుకొని నమ్మకం సంపాదించుకోవడమన్నమాట. అదే ఏడాది డిసెంబరు 29న ప్రయోగశాలలో దోషాన్ని లక్ష వంతుల్లో ఒక వంతుకు తగ్గించి చూపారు.

అయినా లోకం నమ్మలేదు. పెళ్ళిపందిట్లో మైకు ముందు లౌడ్‌స్పీకర్ పెడితే కూత పెట్టడం మనకు తెలిసిందే. బయటిది లోపలికి పంపితే యాంప్లిఫయర్ కూయక మానదని నాటి ఇంజనీర్ల నమ్మకం. పైగా కష్టపడి సంపాదించిన బలాన్ని కావాలని పారవేయడమేమిటని మరో ఆక్షేపణ. 1928 ఆగస్టు 8న పెట్టిన అమెరికా పేటెంట్ దరఖాస్తు 1937 డిసెంబరు 21 వరకు మంజూరు కాలేదు. బ్రిటన్ పేటెంట్ ఆఫీసు దానిని శాశ్వత చలన యంత్రాల జాబితాలో చేర్చినంత పని చేసింది. తొమ్మిదేళ్ళకు పైగా బ్లాక్ ఓపికగా పని చేసుకుంటూ పోయారు. 1930లో న్యూజెర్సీలోని మోరిస్‌టౌన్ దగ్గర కేబుల్ మీద ఈ యాంప్లిఫయర్లను పరీక్షించారు. సహోద్యోగి నైక్విస్ట్ 1932లో, ఏ పరిస్థితిలో కూత పుడుతుందో, ఎప్పుడు పుట్టదో లెక్కకట్టి తేల్చారు. మరో సహోద్యోగి బోడే డిజైన్ సూత్రాలు ఏర్పరచారు. 1934లో బ్లాక్ తన పరిశోధన పత్రాన్ని ప్రచురించారు.

హామ్ స్టేషన్లకు దీనితో ఏమిటి సంబంధం? సింగిల్ సైడ్‌బ్యాండ్ పద్ధతిలో మాట్లాడే హామ్, తన ట్రాన్స్‌మిటర్ తరువాత లీనియర్ యాంప్లిఫయర్ పెట్టుకుంటాడు. మోతాదు మించి తోస్తే మాట శిఖరాలు తెగిపోతాయి, చెత్త పక్క ఫ్రీక్వెన్సీల మీద పడి ఇతరులకు ఇబ్బంది కలుగుతుంది. దీన్ని కనిపెట్టడానికి ఒక సులువైన ఏర్పాటు ఉంది. యాంప్లిఫయర్‌లోకి వెళ్ళే సిగ్నల్ నుండి కొద్దిగా, బయటికి వచ్చేదాని నుండి కొద్దిగా తీసుకొని, రెండింటినీ డయోడ్లతో రెక్టిఫై చేసి, మొదటిదాన్ని ఆసిలోస్కోప్ అడ్డానికీ రెండోదాన్ని నిలువుకూ ఇవ్వాలి. అంతా సక్రమమైతే తెరమీద ఏటవాలుగా తిన్నని గీత కనబడుతుంది. గీత పైకొన వంగిందంటే యాంప్లిఫయర్ అలసిందని అర్థం. మైకు గెయిన్ తగ్గించాలి. ఇది బ్లాక్ పరికరం కాదు గాని, ఆయన ఆలోచనకు తోబుట్టువే. లోపలిదీ బయటిదీ పక్కపక్కన పెట్టి చూడటమే రెంటికీ ప్రాణం. తేడా ఒక్కటే: ఇక్కడ దిద్దేది మనిషి చెయ్యి, అక్కడ యంత్రమే. కాలిన్స్ కంపెనీ 1959లో తెచ్చిన కేడబ్ల్యూఎం-2 వంటి సెట్లలో రేడియో ఫ్రీక్వెన్సీ మీద కూడా ఫీడ్‌బ్యాక్‌ను ఉపయోగించి ఆ పని కొంతవరకు యంత్రానికే అప్పగించారు.

బ్లాక్ 1963లో బెల్ లేబరేటరీస్ నుండి రిటైరయ్యారు. రిటైరైనా ఊరుకోలేదు, మరో సంస్థలో పనిచేసి, ఆ తరువాత సలహాదారుగా కొనసాగారు. 1977లో, 79 ఏళ్ళ వయసులో, తన ఆవిష్కరణ కథను స్వయంగా రాశారు. 1981లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవ మందిరంలో ఆయన పేరు చేర్చారు. 1983 డిసెంబరు 11న న్యూజెర్సీలోని సమ్మిట్‌లో కన్నుమూశారు.

మచ్చలేని వస్తువు కోసం వెతుకుతూ కూర్చోక, ఉన్నదానిలోని తప్పును ఎప్పటికప్పుడు చూసుకొని దిద్దుకోవడమే ఆయన మనకు చూపిన దారి. అది యంత్రాలకే కాదు, సంఘాలకూ కుటుంబాలకూ పనికివచ్చే మాట. మన మనుమలు, మనుమరాండ్రు ఏ రేడియో విప్పి చూసినా, ఈ పెద్దాయన పేరు ఒకసారి వారి చెవిన వేద్దాం.