హిచ్‌కాక్ ఇంట్లో ఆడిటర్

ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రసిద్ధుల జీవితం గురించి రాయమని మన కార్యదర్శిగారు కోరారు. దేశనాయకుల గురించి, కవుల గురించి రాయడానికి మన సభ్యుల్లో నాకంటే సమర్థులున్నారు. సర్వీసంతా గుమాస్తాగా గడిపినవాణ్ణి కనుక, గుమాస్తాగా బతుకు మొదలుపెట్టి లోకమంతా పేరు తెచ్చుకున్న ఒక సినిమా దర్శకుణ్ణి ఎంచుకున్నాను. ఆయన ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్.

హిచ్‌కాక్ 1899 ఆగస్టు 13న లండన్ శివార్లలోని లేటన్‌స్టోన్‌లో జన్మించారు. తండ్రిది కూరగాయల దుకాణం. 1914లో తండ్రి కాలం చేశారు. ఆ రోజుల్లోనే ఆయన టెలిగ్రాఫ్ కేబుళ్లు తయారుచేసే హెన్లీ కంపెనీలో అంచనాలు వేసే గుమాస్తాగా చేరారు. బొమ్మలు బాగా వేస్తారని తర్వాత ప్రకటనల విభాగానికి మార్చారు. ఆ బొమ్మలే ఆయన్ని ఇజ్లింగ్‌టన్‌లోని సినిమా స్టూడియోకు చేర్చాయి. మూకీల కాలం కదా, తెరమీద మాటలు కనబడే అట్టలకు అక్షరాలు, అలంకారాలు వేయడం అక్కడ ఆయన మొదటి పని.

ఆ స్టూడియోలోనే ఆల్మా రెవిల్ అనే అమ్మాయి పనిచేస్తుండేది. వయసులో ఆయనకంటే ఒక్కరోజు చిన్న; సినిమా పనిలో మాత్రం ఆయనకు సీనియర్. ఫిల్ము కత్తిరించి అతికే ఎడిటింగు, దానితోపాటు కంటిన్యుటీ చూడడం ఆమె ఉద్యోగం.

ఈ కంటిన్యుటీ అంటే ఏమిటో చెప్పాలి. సినిమాను కథ వరుసలో తీయరు. హీరో గుమ్మం దాకా రావడం ఈరోజు తీస్తే, గుమ్మం దాటి లోపలికి రావడం మూడు వారాల తర్వాత తీస్తారు. ఈలోగా టై ముడి మారకూడదు, చేతిలో సిగరెట్టు పొడుగు మారకూడదు, గ్లాసులో నీళ్లు పెరగకూడదు. అవన్నీ రాసిపెట్టుకుని సరిచూడటానికి ఒక మనిషి ఉండాలి. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే డ్రాఫ్టునూ ఫెయిర్ కాపీనీ పక్కపక్కన పెట్టుకుని కంపేర్ చేసే గుమాస్తా. ఉత్తరం కింద సంతకం ఆఫీసరుది. కంపేర్ చేసినవాడి పొట్టి సంతకం ఆఫీసు కాపీ మీదే ఉండిపోతుంది.

1926 డిసెంబరు 2న వారిద్దరి వివాహం జరిగింది. 1939లో అమెరికా వెళ్లారు. అక్కడ తీసిన మొదటి చిత్రం ‘రెబెకా’కు ఉత్తమ చిత్రంగా ఆస్కారు వచ్చింది. ఉత్తమ దర్శకుడి ఆస్కారు మాత్రం అయిదుసార్లు నామినేషను వచ్చినా ఆయనకు దక్కలేదు. ఎందుకివ్వలేదో వారికే తెలియాలి.

హిచ్‌కాక్‌ది ముందే అన్నీ కాగితం మీద గీసుకుని తీసే పద్ధతి. 1948లో ‘రోప్’ అనే సినిమా కోతలు కనబడకుండా తీశారు. ఒక్కొక్క షాటు పది నిమిషాల దాకా నడుస్తుంది. కిటికీ అవతల న్యూయార్కు నగరం బొమ్మ, గాజు పీచుతో చేసిన మేఘాలు. కథ నడుస్తుంటే పొద్దువాలి చీకటి పడాలి. తీశాక చూసుకుంటే సాయంకాలపు రంగు మరీ నారింజగా వచ్చిందనిపించి, చివరి అయిదు రీళ్లూ మళ్లీ తీశారు. ఎంత ఖర్చో ఆలోచించండి.

కొన్నిచోట్ల మాత్రం తెలివిగా సర్దేవారు. ‘సైకో’(1960) కోసం ఫీనిక్స్ ఊళ్లో తీసిన వీధి దృశ్యాల్లో క్రిస్మస్ అలంకారాలు పడ్డాయి. కథకు ఆ పండుగతో ఏ సంబంధమూ లేదు. మళ్లీ తీయకుండా, సినిమా మొదట్లోనే డిసెంబరు 11, శుక్రవారం అని తెరమీద తారీఖు వేయించారు. ఆడిట్ అభ్యంతరానికి ఒక్క వాక్యంతో సమాధానం రాసి ఫైలు మూయించినట్టన్నమాట!

అసలు గండం ఆ సినిమాలోనే మరోచోట ఉంది. స్నానాల గదిలో జరిగే హత్య గురించి వినని సినిమా ప్రియులుండరు. ఆ కాస్త దృశ్యానికి ఏడు రోజులు షూటింగు చేశారు. ఎడిటింగు అయింది, దర్శకుడు చూశారు, ఎడిటరు చూశారు, స్టూడియోవారూ చూశారు. ప్రింటు బయటికి వెళ్లబోయే ముందు ఆల్మాగారు చూసి, చనిపోయి పడి ఉన్న జేనెట్ లీ గుటక వేస్తోందని చెప్పారు. మళ్లీ వేసి చూస్తే నిజమే! రెప్పపాటు కదలిక. ఆ ముక్క కత్తిరించేశారు. అది అలాగే విడుదలై ఉంటే, అంత భయం పుట్టించిన దృశ్యానికి హాల్లో నవ్వులు వినబడి ఉండేవి. ఆ సినిమా పేర్లలో ఆవిడ పేరు లేదు.

చిన్నప్పుడు మేమూ పౌరాణికాలకు వెళ్లి రాజుగారి మణికట్టు మీద వాచీ మచ్చ ఉందా అని వెతికి నవ్వుకునేవాళ్లం. తప్పు కనిపెట్టినవాడికి ఆ సంతోషం న్యాయమే. కాని హాల్లో కూర్చుని పట్టుకోవడం వేరు, బయటికి పోకముందే పట్టుకోవడం వేరు. రెండోదానికి చప్పట్లుండవు, ఎందుకంటే ఆ తప్పు ఎవరికీ కనబడదు.

1979లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారు హిచ్‌కాక్‌కు జీవిత సాఫల్య పురస్కారం ఇచ్చారు. ఆ సభలో ఆయన తనకు తోడ్పడిన నలుగురికి కృతజ్ఞత చెబుతానని, ఒక ఎడిటరు, ఒక కథా రచయిత, తన కూతురి తల్లి, ఒక మంచి వంటమనిషి అని వరుసగా చెప్పి, నలుగురి పేరూ ఆల్మా రెవిల్లే అన్నారు. ఆవిడ ఆ సభలోనే ఉన్నారు. మరుసటి ఏడు ఏప్రిల్ 29న ఆయన, 1982లో ఆవిడ కన్నుమూశారు.

అన్నట్టు, ఇంత జాగ్రత్తపరుడి కన్నుగప్పిన తప్పు ఒకటుంది. ‘నార్త్ బై నార్త్‌వెస్ట్’(1959)లో రష్‌మోర్ కొండ దగ్గరి ఫలహారశాలలో ఈవా మేరీ సెయింట్ తుపాకీ పేల్చే దృశ్యం. ఆమె వెనక బల్ల దగ్గర నీలం చొక్కా కుర్రాడొకడు కూర్చుని ఉంటాడు. రిహార్సల్లో ఆ చప్పుడు విని బెదిరాడు కాబోలు, ఆమె ఇంకా పేల్చకముందే రెండు చెవులూ మూసుకుంటాడు. మా మనవడు రిమోటుతో ఆపి చూపించాడు. మీ ఇంట్లో పిల్లలనడిగి మీరూ చూడండి. తుపాకీని కాదు, వెనక కుర్రాణ్ణి.