ఎర్రటోపీ విద్యార్థి - ఆలివర్ గోల్డ్‌స్మిత్

ద్వితీయ బి.ఎస్సి. విద్యార్థి

ఇంగ్లీషు నాటకాల్లో నీకు నచ్చినదేది, నచ్చనిదేది అని అడిగితే మా హాస్టల్లో తలా ఒక పేరు చెబుతారు. హామ్లెట్ అనేవాళ్ళున్నారు, మాక్బెత్ అనేవాళ్ళున్నారు. షా నాటకాలంటే పడిచచ్చేవాళ్ళూ, అవి నాటకాలు కావు ఉపన్యాసాలని విసుక్కునేవాళ్ళూ ఉన్నారు. నా ఓటు మాత్రం 'షీ స్టూప్స్ టు కాంకర్'కే! నచ్చనిదాని కోసమూ దూరం పోనక్కర్లేదు. అదే రచయిత అంతకు 5 ఏళ్ళ ముందు రాసిన 'ది గుడ్ నేచర్డ్ మాన్'. ఈ రెండూ ఒకే చేతి నుంచి ఎలా వచ్చాయో తెలియాలంటే, ఆ చెయ్యి ఏయే పనులు చేసిందో ముందు తెలియాలి.

ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1728 ప్రాంతంలో ఐర్లండులో పుట్టాడు. తండ్రి చర్చిలో మతగురువు. కొద్దిపాటి సేద్యం కూడా ఉండేది. చిన్నతనంలోనే మశూచి సోకి ముఖమంతా మచ్చలు పడ్డాయి. అక్క పెళ్ళికి తండ్రి తాహతుకు మించి 400 పౌండ్ల కట్నం ఒప్పుకున్నాడు. దాంతో కొడుకు చదువుకు డబ్బు కరువైంది. రైతు ఇళ్ళలో పుట్టిన మనకు ఈ లెక్క ఒకరు విడమరచి చెప్పాలా?

అందుకే డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో అతడు 'సైజర్'గా చేరాడు. సైజర్ అంటే ఫీజు రాయితీకి బదులు కాలేజీలో చాకిరీ చేసే పేద విద్యార్థి. పొద్దున్నే ఆవరణ ఊడ్వాలి. వంటశాల నుంచి పెద్దల బల్లకు పళ్ళేలు మోయాలి. వాళ్ళు తిన్నాకే తాను తినాలి. పైగా ముతక గౌను, ఎర్రటోపీ! ఎవడు పేదవాడో ఆమడ దూరం నుంచే తెలిసిపోవాలన్నమాట. చేతిలో కాసు లేనప్పుడు వీధిపాటలు రాసి ఒక్కొక్కటి 5 షిల్లింగులకు అమ్మేవాడట. రాత్రిళ్ళు వాటిని ఎవరో పాడుతుంటే చాటున నిలబడి వినేవాడట.

తర్వాత ఎడింబరోలోనూ, లైడెన్‌లోనూ వైద్యం చదివాడు. ఫ్లూటు పట్టుకుని కాలినడకన యూరప్ తిరిగి 1756లో లండన్ చేరాడు. మందుల కొట్లో పని, బడిపంతులు పని, పత్రికలకు కూలిరాతలు... అన్నీ చేశాడు. 1758లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా కోరమాండల్ తీరానికి, అంటే మన తూర్పు తీరానికి, రావలసినవాడే. అది తప్పిపోయింది. ఆ డిసెంబరులోనే సర్జన్ల పరీక్షా తప్పాడు. ఇక కలమే గతి అయింది.

1768లో వచ్చిన 'గుడ్ నేచర్డ్ మాన్'లో నాయకుడు అడిగినవాడికల్లా దానం చేసి అప్పులపాలవుతాడు. అతన్ని అరెస్టు చేయడానికి వచ్చిన జవాన్లకే మంచి బట్టలు తొడిగి, నాయిక ముందు తన స్నేహితులుగా చూపిస్తాడు. నాటకానికంతటికీ ప్రాణం ఆ రంగం. కాని లండన్ ప్రేక్షకులు అది నీచంగా ఉందని ఈలలు వేశారు. దాన్ని తీసేసి ఆడారు. గోల్డ్‌స్మిత్ అచ్చు పుస్తకంలో మళ్ళీ చేర్చాడు. ఆ రంగం మినహా మిగతాది నీతిబోధే. అందుకే నాకు అది నచ్చలేదు.

కన్నీళ్ళ కామెడీలు రాజ్యమేలుతున్న ఆ రోజుల్లో, 1773 మార్చి 15న కోవెంట్ గార్డెన్‌లో 'షీ స్టూప్స్ టు కాంకర్' తెర లేచింది. థియేటరు మేనేజరుకే నమ్మకం లేదు. కొందరు పేరున్న నటులు వేషం వేయమన్నారు. రచయిత భయపడి పార్కులో పచార్లు చేస్తూ ఉండిపోయాడట. జనం మాత్రం విరగబడి నవ్వారు!

కథానాయకుడు మార్లో గొప్పింటి ఆడవాళ్ళ ముందు తలెత్తలేడు. పనిపిల్ల కనిపిస్తే మాత్రం నోరు లేస్తుంది. ఒక ఆకతాయి దారి తప్పించడంతో కాబోయే మామగారి ఇంటిని సత్రమనుకుని, ఆయన మీదే అధికారం చెలాయిస్తాడు. నాయిక కేట్ పనిపిల్లలా నటించి అతని మనసు గెలుస్తుంది. మనుషులు అవే, ఇల్లూ అదే. ఎదుటివాడి హోదా మారిందనుకోగానే నాలుక మారిపోతుంది! ఈ సంగతి ఎర్రటోపీ పెట్టుకుని పళ్ళేలు మోసినవాడికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అంత అవమానం పడీ, కసి తీర్చుకోకుండా నవ్వించాడే... అదీ ఆయన గొప్పతనం.

మరుసటేడు ఏప్రిల్ 4న గోల్డ్‌స్మిత్ కన్నుమూశాడు. జ్వరం వస్తే డాక్టర్లు వద్దన్నా వినక, ఆంటిమొనీ కలిసిన జేమ్స్ పౌడరు వేసుకున్నాడు. మిగిలినది సుమారు 2,000 పౌండ్ల అప్పు. జంతుశాస్త్రం మీద రాసిన 8 సంపుటాల గ్రంథం ఆయన పోయాకే వెలువడింది. ఆ రోజు ఆయన గది మెట్ల మీద, ఆయన చేతి సాయం పొందిన పేదలు కూర్చుని ఏడ్చారని చెబుతారు.

మిత్రులారా! మీ నాన్నగారేం చేస్తారని అడిగితే, వ్యవసాయం అని గొంతు తగ్గించి చెప్పేవాళ్ళు మనలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళు ఈ నాటకం తప్పక చదవాలి. తక్కినవాళ్ళూ చదవండి. మార్లోను చూసి కడుపారా నవ్వండి. నవ్వాక, మెస్సులో మనకు అన్నం వడ్డించే మనిషిని మనం ఏమని పిలుస్తున్నామో ఒక్కసారి తలుచుకోండి.