తెలుగు గ్రంథాలను బ్రతికించిన బ్రౌను దొరగారు

తెలుగువారిలో బ్రౌను దొరగారి పేరు విననివారు అరుదు. వారి నిఘంటువు నేటికీ మనకు ఉపయోగపడుతూనే ఉంది. అయితే ఎక్కడెక్కడో చెదిరి ఉన్న గ్రంథాలను చేర్చి అందరికీ అందేటట్లు చేయడంలో వారు పడిన శ్రమ, మన సంఘస్థులు ముఖ్యంగా తెలుసుకోదగినది.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను గారు 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించారు. తండ్రి రెవరెండ్ డేవిడ్ బ్రౌను గారు అక్కడ దైవసేవకులు. 1812లో ఆయన మరణించిన పిదప కుటుంబం ఇంగ్లండు చేరింది. ఫిలిప్ గారు హెయిలీబరీ కళాశాలలో చదువు ముగించి, 1817లో కంపెనీ ఉద్యోగిగా మద్రాసుకు వచ్చారు. 1820లో కడపకు నియమితులయ్యారు. మరుసటి సంవత్సరమే అక్కడ బీదపిల్లలకు ఉచిత పాఠశాలలు పెట్టారు.

తరువాత మచిలీపట్నంలో ఉండగా, కథోలిక గురువైన అబ్బే దుబాయి గారి గ్రంథంలో వేమనను గూర్చిన ప్రస్తావన వారి కంటబడింది. వెంటనే వేమన పద్యాల ప్రతులకై వెదకసాగారు. దొరికిన ప్రతులను సరిచూచి 1829లో ఆంగ్లానువాదంతో అచ్చువేయించారు. అంతటితో వారి అన్వేషణ ఆగలేదు.

ఆనాడు తెలుగు గ్రంథాలలో అచ్చయినవి బహు తక్కువ. తక్కినవన్నీ తాటాకులపైనే ఉండేవి. మన శ్రీకాళహస్తి మహిమను గానం చేసిన ధూర్జటి కావ్యమైనా అలా తాటాకుల మీదనే తరాలు దాటి వచ్చింది. ఒక ఇంట గ్రంథం మొదటి భాగం ఉంటే, చివరి భాగం మరో ఊరిలో ఉండేది. ఒకరి దగ్గర ఏమున్నదో మరొకరికి తెలియదు. అటకలమీద చెదలు తిన్నవి కొన్ని, వ్రాయసకాండ్ర తప్పులతో అర్థం మారినవి మరికొన్ని.

బ్రౌను గారు దీనికొక పద్ధతి ఏర్పరచుకున్నారు. ఒకే గ్రంథానికి వేర్వేరు చోట్ల నుండి ప్రతులు తెప్పించేవారు. కొనగలిగినవి కొనేవారు, లేనియెడల ఎరవు తెచ్చి నకలు వ్రాయించుకునేవారు. పండితులు వాటిని ప్రక్కప్రక్కన పెట్టి, పాఠభేదాలు గుర్తించి, శుద్ధప్రతి సిద్ధం చేసేవారు. కడపలో తమ బంగళాలోనే పండితులను, వ్రాయసకాండ్రను పోషించారు. జూలూరి అప్పయ్య గారు వారిలో ఒకరు. వీరందరి జీతాలు, కాగితం ఖర్చులు దొరగారి స్వంత డబ్బే. ఇందుకై అప్పులు కూడా చేశారు.

1830వ దశకంలో ఇంగ్లండు వెళ్ళినప్పుడు, లండనులోని కంపెనీ గ్రంథాలయంలో దక్షిణదేశ భాషల వ్రాతప్రతులు విస్తారంగా ఉండటం వారు చూశారు. అక్కడ వాటిని చదవగలవారు ఎందరు? అందుకే వాటిని మద్రాసుకు పంపించవలసిందిగా అధికారులను కోరి, ఒప్పించారు. 1845లో తాము ఏళ్ళతరబడి కూర్చిన సంపుటాలను సైతం మద్రాసు లిటరరీ సొసైటీ గ్రంథాలయానికి ఇచ్చివేశారు. ఈ ప్రతులూ, కర్నల్ మెకంజీ గారు సేకరించిన ప్రతులూ కలిసి, 1869లో ఏర్పడిన మద్రాసు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తకాలయానికి పునాది అయినాయి. బ్రౌను గారి నిఘంటువు 1852లో వెలువడింది. స్వదేశం వెళ్ళిన తరువాత లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులుగా పనిచేసి, 1884 డిసెంబరు 12న పరమపదించారు.

కడపలో వారి బంగళా శిథిలమైపోయింది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి ప్రభృతుల కృషితో ఆ స్థలంలోనే గ్రంథాలయం వెలసి, ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం క్రింద భాషా పరిశోధన కేంద్రంగా నడుస్తున్నది. కడప జిల్లా గ్రామాలను గూర్చి మెకంజీ గారు వ్రాయించిన కైఫీయత్తులను ఈ కేంద్రమే అచ్చువేసింది. రెండు వందల ఏండ్ల క్రిందట ఆ గ్రామాల నుండి సేకరించిన సమాచారం, ఈ విధంగా ఆ గ్రామాల మనుమలకే తిరిగి అందింది.

ఇప్పుడు మన సంగతి ఆలోచిద్దాం. బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిస్టర్లు, పాత కీర్తనల పుస్తకాలు, కమిటీ తీర్మానాల పుస్తకాలు, గురువుల ఉత్తరాలు ఏ సంఘానికి ఆ సంఘం బీరువాలో ఉంచుకున్నాము. ఇస్తే తిరిగి రావేమోనన్న భయం సహజమే. ఆ భయం వలననే అవి బీరువాలలో చెదలకు ఆహారమవుతున్నవి. తీసుకొనిపోకుండానే పంచుకొనవచ్చునని బ్రౌను గారి పద్ధతి చూపుతున్నది. అసలు ప్రతి ఉన్నచోటనే ఉంటుంది. నకలు మాత్రమే ప్రయాణం చేస్తుంది. నాడు ఒక గ్రంథం నకలు వ్రాయడానికి నెలలు పట్టేది. నేడు చేతిలోని ఫోనుతో ఒక పూటలో ఒక రిజిస్టరు ఫోటోలు తీయవచ్చు.

ముందుగా ప్రతి సంఘమూ తన వద్దనున్న పుస్తకాల జాబితా వ్రాసి, పొరుగు సంఘాలకు పంపితే చాలును. కుటుంబాల స్వంత విషయాలున్న పుటలను పెద్దల అనుమతితోనే చూపవచ్చు. ఒక సంఘంలో చిరిగిపోయిన పుటకు మరో సంఘంలోని ప్రతి అక్కరకు వస్తుంది. తమ తాత ఏ సంవత్సరంలో బాప్తిస్మం పొందాడో తెలియని కుటుంబానికి పొరుగూరి రిజిస్టరు జవాబు చెప్పవచ్చును. మరో నూరేండ్లకు మన మనుమలు సంఘ చరిత్ర వ్రాయబూనినప్పుడు వారి చేతికి ఏమైనా దొరకాలంటే, ఈ జాబితా పని ఈ ఉత్సవ సంవత్సరంలోనే మొదలుపెట్టాలి.