దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు

ఉదయగిరి కొండ క్రింద నిలిచి తలయెత్తి చూచిన వారికి శిథిలమైన కోటగోడలు కనబడును. ఆ దుర్గము యుద్ధములకు మాత్రమే కాక తెలుగు కవిత్వమునకును ఒకనాడు ఆశ్రయమై యుండెను. పదునైదవ శతాబ్దమున ఉదయగిరి నేలిన బసవరాజు మంత్రియగు గంగయకు నంది మల్లయ, ఘంట సింగయ అను జంటకవులు తమ ప్రబోధచంద్రోదయమును అంకితము చేసిరి. ఆ బసవరాజు కుమారుడగు తమ్మరాజునకు దూబగుంట నారాయణకవి పంచతంత్రమును అంకిత మిచ్చెను. ఆ కాలమున కవి తన గ్రంథమును లోకమునకు వినిపింపవలెనన్న నొక ప్రభువు కావలెను, ఒక సభ కావలెను. ప్రభువు మెచ్చిన లేఖకులు ప్రతులు వ్రాయుదురు. మెచ్చకున్న తాటాకులు చెదల పాలగును. 1514వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘకాలము ముట్టడించి ఈ దుర్గమును గజపతుల చేతినుండి గైకొనెను. తరువాత రాజ్యములు మారినవి, కొలువులు పోయినవి. కొండ మిగిలినది.

కొలువులు పోయిన పిమ్మట, ఉదయగిరి పల్లెలలో గాని ఆత్మకూరు పల్లెలలో గాని పద్యము వ్రాయుటకు పూనుకొన్న యువకుడు తన వ్రాతను ఎవరికి చూపవలెను? ఈ ప్రశ్నకు చాలకాలము సరియైన సమాధానము లేకుండెను. జమీందారుల దర్శనము అందరికి లభింపదు. సభలలో ప్రవేశము కులమును, పలుకుబడిని, గురువు పేరును బట్టి యుండెను. సొంత ధనముతో పుస్తకము నచ్చువేయించుకొనుట పేదలకు సాధ్యము కాదు. ఆ సమాధానమును తపాలా సంచిలో పెట్టి ఊరూరికి పంపిన మహనీయుడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. వారు మన జిల్లావారు కారు. అయినను మన జిల్లా పల్లెలలో వ్రాయనేర్చిన వారికి వారు చేసిన మేలు, ఏ కోటలోని ప్రభువును చేయజాలనిది.

పంతులుగారు 1867వ సంవత్సరము మే నెల 1వ తేదీన కృష్ణాజిల్లా ఎలకుర్రు గ్రామమున శ్యామలాంబ, బుచ్చయ్యగారలకు జన్మించిరి. సామాన్య బ్రాహ్మణ కుటుంబము. మచిలీపట్టణమున ఉన్నత పాఠశాల చదువు ముగించి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి, 1891వ సంవత్సరమున పట్టభద్రులైరి. ఆ కళాశాలకు అప్పుడు డాక్టరు విలియం మిల్లరుగారు అధ్యక్షులు. మిషనువారి కళాశాలలో చదివి దేశమునకు సేవచేసిన వారిలో పంతులుగారి పేరును మన పాఠశాల బాలురు ముందుగా నెరుగవలసి యున్నది. చదువుకొను దినములలోనే వారు కందుకూరి వీరేశలింగము పంతులుగారి వివేకవర్ధని పత్రికను శ్రద్ధగా చదివిరి. ఒక పత్రిక జనుల మనస్సులను కదల్పగలదను విశ్వాసము వారికి అక్కడనే కలిగినది.

ఆయితే ఆ విశ్వాసము కార్యరూపము దాల్చుటకు పదునేడు సంవత్సరములు పట్టినది. ఉద్యోగము వెదకుచు వారు కలకత్తాకు, అక్కడినుండి బొంబాయికి పోయిరి. బొంబాయిలో నొక తెల్లదొరల వర్తకశాలలో పనిచేయుచు మందుల వ్యాపారపు మర్మములు నేర్చిరి. 1893వ సంవత్సరమున అమృతాంజనమను నొప్పుల లేపనమును స్వయముగా తయారుచేసి అమ్మ మొదలిడిరి. సంగీతసభలలో దానిని ఉచితముగా పంచిపెట్టి ప్రచారము చేసిరని ప్రసిద్ధి. పచ్చని లేపనము, ఘాటైన వాసన, చిన్న సీసా. తలనొప్పి లేని దేశము లేదు గనుక ఆ సీసా దేశమంతట ప్రయాణము చేసినది. నేటికిని మన యిండ్లలో అవ్వల పెట్టెలలో అది కనబడుచున్నది గాని, ఆ సీసా వెనుక తెలుగు సాహిత్యపు నూరు సంగతులున్నవని ఎరిగినవారు కొందరే.

1907వ సంవత్సరమున సూరతులో జరిగిన కాంగ్రెసు మహాసభకు పంతులుగారు పోయిరి. అక్కడ అతివాద మితవాదులు కలహించి సభ భగ్నమగుట అందరు నెరిగినదే. తమ జాతీయోద్యమ వార్తలను తమ భాషలో చదువుకొను భాగ్యము ఆంధ్రులకు మిక్కిలి కొరతగా నున్నదని పంతులుగారు తలచిరి. మరుసటి సంవత్సరము, 1908 సెప్టెంబరు 9వ తేదీన, బొంబాయి నగరమునుండియే ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడినది. అరేబియా సముద్రపు టొడ్డున తెలుగు పత్రిక! నెల్లూరినుండి బొంబాయికి పోవు రహదారి ఆత్మకూరు మీదుగానే పోవును. ఆ దారి ఎంత దీర్ఘమైనదో మనవారికి తెలిసినదే.

ఈ పత్రికకు అనుబంధముగా 1910వ సంవత్సరమునుండి ఉగాది సంచికలు వెలువడినవి. ఏటికొక్కసారి ఉగాదికి వచ్చు ఆ పెద్ద సంచికలో చిత్రములు, కథలు, పద్యములు, చరిత్ర వ్యాసములు నిండియుండెడివి. కొత్తగా కలము పట్టినవారు ఉగాది సంచికలో తమ పేరు చూచుకొనుటకు ఎదురుచూచెడివారు. పండుగనాడు పచ్చడితోపాటు పద్యమును ఇంటింటికి పోవుట తెలుగువారికి ఇట్లు అలవాటైనది.

1914వ సంవత్సరమున పంతులుగారు పత్రికను మద్రాసునకు తరలించిరి. ఏప్రిలు 1వ తేదీన అది దినపత్రికగా వెలువడ నారంభించినది. నాలుగు మాసములకే ఐరోపా మహాయుద్ధము వచ్చిపడినది. యుద్ధవార్తలకై జనులు పత్రికల కొరకు కాచుకొనియుండిరి. దినపత్రిక నిలద్రొక్కుకొనుటకు ఆ అక్కర కొంత తోడ్పడినదనుట నిజమే. కాని ఈ వ్యాసమున మనకు ముఖ్యమైనది వార్తాపత్రిక కాదు; దాని నీడలో పుట్టిన మాసపత్రిక.

1924వ సంవత్సరము జనవరి మాసమున భారతి వెలువడినది. అప్పటికి మన సాహిత్యమున గొప్ప కలవరము జరుగుచుండెను. గ్రాంథికమా, వ్యావహారికమా అను వివాదము చల్లారలేదు. భావకవిత్వమని యొక కొత్త గాలి వీచుచుండెను. విశ్వనాథ సత్యనారాయణగారికి, దేవులపల్లి కృష్ణశాస్త్రిగారికి అప్పటికి ముప్పది యేండ్లు నిండలేదు. పాతవారు కొత్తవారిని ఎగతాళి చేయుదురు. కొత్తవారు పాతవారిని లెక్కచేయరు. ఇట్టి సమయమున భారతి ఇరువురకు ఒక్క పంక్తిలో విస్తరి వేసినది. ఒక పుటలో వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పరిశోధనము, మల్లంపల్లి సోమశేఖరశర్మగారి శాసన విచారము. మరియొక పుటలో యువకుని ప్రణయగీతము. ఆ వెనుక నొక చిన్న కథ. శ్రీరంగం శ్రీనివాసరావుగారు తమ యౌవనమున వ్రాసిన కవితలు భారతిలో వెలువడినవి. భారతిలో అచ్చుపడుటయే ఒక పట్టమని రచయితలు తలచెడివారు.

ఇందు గమనింపదగిన విషయ మొకటి గలదు. యువకవికి అచ్చు మాత్రమే చాలదు. తన పద్యము ప్రక్కన ఏమి యున్నదో చూచినప్పుడే వానికి తన కొలత తెలియును. ఊరిలో స్నేహితులు భళీ యన్న పద్యము, భారతిలో నొక పండితుని వ్యాసము ప్రక్కన నిలిచినప్పుడు ఎట్లున్నదో వాడే చూచుకొనగలడు. గురుకులమునకు పోలేనివానికి ఆ మాసపత్రికయే గురుకులము. మద్రాసునుండి రైలులో నెల్లూరికి, నెల్లూరినుండి రోడ్డుమీద పడమరగా ఆత్మకూరికి, అక్కడినుండి మరికొంత దూరము మెట్ట నేలలమీదుగా ఉదయగిరికి నెలకొక్క మారు ఆ గురుకులము వచ్చుచుండెను. తిరుగు తపాలాలో నాలుగు పుటల కాగితములు మద్రాసునకు పోవచ్చును. పంపువానికి సభాప్రవేశము అక్కరలేదు, సిఫారసు అక్కరలేదు, తపాలా బిళ్ళ యొక్కటి చాలును.

ఇందులో లోపము లేకపోలేదు. తెలుగుదేశమంతటికి ఒక్క ముఖ్య ద్వారము మద్రాసులో నుండుటచేత, ఆ ద్వారమున కూర్చున్నవారి రుచియే రుచియైనది. ఎందరి వ్రాతలు తిరిగి వచ్చినవో లెక్క లేదు. జిల్లాలలో చిన్న పత్రికలు పుట్టుట ఇందుచేతనే అవసరమైనది. నెల్లూరినుండి వెలువడిన జమీన్ రైతు వంటి వారపత్రికలు స్థానికులైన రచయితలకు దగ్గరి మెట్టుగా నిలిచినవి. అయినను మొదటి మెట్టు ఎంత దగ్గరగా నున్నను, పైన నొక మేడ కనబడనిదే ఎక్కవలెనను కోరిక పుట్టదు గదా.

పత్రిక ఒక్కటియే చాలదని పంతులుగారు ఎరుగుదురు. వ్రాయువాడు ముందు చదువవలెను. చదువుటకు పుస్తకములు లేని పల్లెలో కవి ఎట్లు పుట్టును? 1926వ సంవత్సరమున వారు ఆంధ్రగ్రంథమాలను స్థాపించి, ప్రాచీన గ్రంథములను పరిష్కరింపజేసి, సామాన్యులు కొనగల వెలకు అచ్చువేయించిరి. పాల్కురికి సోమనాథుని బసవపురాణము వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పీఠికతో ఆ సంవత్సరముననే వెలువడినది. ఏడువందల యేండ్లనాటి ద్విపద కావ్యము పల్లెటూరి పఠనాలయములో బల్లమీద నిలిచినది. గ్రంథాలయోద్యమమునకును వారు చేయూత నిచ్చిరి. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆరంభించిన ఆంధ్రవిజ్ఞానసర్వస్వము, 1923వ సంవత్సరమున వారు మరణించుటచే ఆగిపోగా, ఆ భారమును పంతులుగారు తమ భుజములమీద వేసికొనిరి. దానివలన లాభము రాదని వర్తకుడైన వారికి తెలియదా?

తెలియును. ఇక్కడనే వారి జీవితపు కీలకమున్నది. అమృతాంజనము తెచ్చిన ధనము పత్రికలకు, గ్రంథములకు, దానములకు పోయినది. విశ్వదాత యని, దేశోద్ధారకుడని ప్రజలు వారికి బిరుదులిచ్చిరి. మద్రాసులో లోధ్ర యను స్త్రీల యౌషధము నమ్మి ధనము గడించిన డాక్టరు కే. ఎన్. కేసరిగారు ఒంగోలు ప్రాంతీయులు. వారును 1928వ సంవత్సరమున గృహలక్ష్మి పత్రికను స్థాపించి, 1934 మొదలు రచయిత్రులకు స్వర్ణకంకణముల నిచ్చి గౌరవించిరి. మొదటి కంకణము కనుపర్తి వరలక్ష్మమ్మగారిది. పూర్వము రాజులు చేసినపనిని ఇరువురు మందుల వర్తకులు చేసిరని నవ్వుకొనవచ్చును. కాని రాజు తన పేరు కృతిలో నిలుచుటకై ఇచ్చెను. పంతులుగారు అచ్చువేయించిన వేలకొలది పద్యములలో వారి పేరు చెప్పునవి ఎన్ని?

వారు రచయితలుగా కూడ కృషి చేసిరి. ఉప్పు సత్యాగ్రహమున, అరువది దాటిన వయస్సున, కారాగారమునకు పోయి అక్కడ భగవద్గీతకు వ్యాఖ్యానము వ్రాసిరి. వారి వచనము నిదానమైనది, నిర్మలమైనది. అయినను తమ పత్రికలో నితరులచే వ్రాయించిన దానికి అది సాటిరాదనుట వారికి అపచారము కాదని తలచెదను. ఇతరుల ప్రతిభను గుర్తించుటయు నొక ప్రతిభయే గదా. ఆంధ్రవిశ్వవిద్యాలయమువారు 1935వ సంవత్సరమున కళాప్రపూర్ణ బిరుదముతో వారిని సత్కరించిరి.

రాజకీయములలో వారు ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు పలుమారులు అధ్యక్షులైరి. 1937వ సంవత్సరము నవంబరు 16వ తేదీన మద్రాసులోని వారి గృహమగు శ్రీబాగులో సర్కారు జిల్లాల నాయకులును, రాయలసీమ నాయకులును కూడి ఒడంబడిక చేసికొనిరి. అందు కృష్ణా, తుంగభద్రా, పెన్నా నదుల జలముల విషయమున పదియేండ్లపాటు రాయలసీమకును, నెల్లూరు జిల్లాకును ముందు చూపు చూపవలెనని యున్నది. పెన్న ప్రక్కనే యుండియు మెట్టపైరునే నమ్ముకొనిన మన ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతములవారికి ఆ మాట ఎంత విలువైనదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఐదు మాసములు గడువకముందే, 1938వ సంవత్సరము ఏప్రిలు 11వ తేదీన, పంతులుగారు పరమపదించిరి. వారి అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు పత్రికల భారమును వహించిరి. ఆంధ్రపత్రికయు, భారతియు 1991వ సంవత్సరము వరకు సాగి నిలిచిపోయినవి. భారతికి అప్పటికి అరువదియేడు సంవత్సరములు.

వేటపాలెమున 1918వ సంవత్సరమున నెలకొల్పబడిన సారస్వత నికేతనము వంటి గ్రంథాలయములలో ఆనాటి పత్రికల పాత సంచికలు నేటికిని భద్రపరుపబడి యున్నవి. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములనుండి మన పాఠశాలకు వచ్చు బాలబాలికలలో, లెక్కల పుస్తకపు చివరి పుటలో రహస్యముగా పద్యములు వ్రాసికొనువారు ప్రతి సంవత్సరము కొందరుందురు. వారు సెలవులలో నట్టి గ్రంథాలయమునకు పోయినచో, భారతి సంపుటములను బల్లమీద పరచి విషయసూచికలు చూడవలెను. విశ్వనాథవారి పేరు, కృష్ణశాస్త్రిగారి పేరు వెంటనే కనబడును. వాని నడుమ, ఒక్కసారి మాత్రమే కనబడి మరల ఏ సంచికలోను కానరాని పేర్లును ఉండును. ఏ పల్లెలోని బడిపంతులో, ఏ కరణముగారి కుమారుడో, ఏ కాపుబిడ్డయో. వారి పద్యము ఆ పుటలో నేటికిని చదువదగియే యున్నది.