సభను ఆపిన నేత.. చివరికి ఓటునే ఆపారు

చార్లెస్ స్టూవర్ట్ పార్నెల్ 1846లో ఐర్లండ్‌లోని ఓ భూస్వామి ఇంట పుట్టారు. అక్కడి రైతుల్లో ఎక్కువమంది కేథలిక్కులు. ఆయనేమో ప్రొటెస్టెంటు. మొదట్లో మాటకారి కూడా కాదు. అలాంటి మనిషే లండన్ పార్లమెంటుకు చుక్కలు చూపించారు.

1875లో మీత్ నుంచి గెలిచి సభలో అడుగుపెట్టారు. అక్కడ ఐర్లండ్ గోడు వినే నాథుడే లేడు. ఓటింగ్ పెడితే ఓటమి ఖాయం. అయితే అప్పట్లో చర్చకు గడువు లేదు. మాట్లాడేవాడు ఉన్నంతసేపూ ఓటింగ్ పెట్టడానికి వీల్లేదు. బెల్‌ఫాస్ట్ వ్యాపారి జోసెఫ్ బిగ్గర్ ఈ కిటుకు పట్టారు. పార్నెల్ దాన్ని ఆయుధంగా మలిచారు. 1877లో దక్షిణాఫ్రికా బిల్లుపై గుప్పెడు మందితో సభను 26 గంటలు కూర్చోబెట్టారు. ఇదేం పద్ధతని పార్టీ పెద్ద ఐజాక్ బట్ మందలించినా వినలేదు. 1880లో పార్టీ పగ్గాలు పార్నెల్‌కే దక్కాయి.

1881 జనవరి 31న మొదలైన సమావేశం ఏకంగా 41 గంటలు సాగింది. విచారణ లేకుండా జైల్లో పెట్టే బిల్లును ఐరిష్ సభ్యులు వంతులేసుకుని అడ్డుకున్నారు. ఫిబ్రవరి 2 ఉదయం స్పీకర్ బ్రాండ్ చర్చను ఆపేసి, సొంత నిర్ణయంతో ఓటింగ్ పెట్టేశారు. మర్నాడే 36 మంది సస్పెండయ్యారు. 1882లో చర్చను ముగించే ‘క్లోజర్’ నిబంధన, 1887లో ‘గిలెటిన్’ వచ్చాయి. మన లోక్‌సభలో బడ్జెట్ పద్దులకు వాడే గిలెటిన్ ఆ సభ నుంచి వచ్చిందే.

దాంతో పార్నెల్ దారి మార్చారు. 1884 నుంచి అభ్యర్థులతో ప్రమాణం చేయించారు. పార్టీతో కలిసి ఓటెయ్యాలి, లేదంటే రాజీనామా చెయ్యాలి. 1885 ఎన్నికల్లో 86 మంది గెలవడంతో ప్రభుత్వాల జుట్టు ఆయన చేతికి చిక్కింది. ప్రధాని గ్లాడ్‌స్టన్ హోంరూల్ బిల్లు తెచ్చారు. 1886లో అది 30 ఓట్ల తేడాతో వీగిపోయింది.

1890లో ఓ విడాకుల కేసు పార్నెల్ కొంప ముంచింది. నాయకత్వం వదులుకోవాలని సొంత పార్టీలోనే పట్టుబట్టారు. డిసెంబరులో 15వ నంబరు కమిటీ గదిలో జరిగిన ఆ సమావేశానికి అధ్యక్షుడు ఆయనే. తనను తప్పించే తీర్మానాన్ని మాత్రం ఓటింగ్‌కు రానివ్వలేదు. బ్రిటిష్ సభపై వాడిన అస్త్రాన్నే సొంతవాళ్లపై ప్రయోగించారు. విసిగిపోయిన సభ్యుల్లో ఎక్కువమంది జస్టిన్ మెకార్తీ వెంట బయటికి నడిచారు. పార్టీ నిలువునా చీలింది.

పది నెలలకే, 1891 అక్టోబరు 6న, 45 ఏళ్ల వయసులో పార్నెల్ కన్నుమూశారు. ఆయన పోరాడిన హోంరూల్ పేరుతోనే 1916లో మద్రాసులో అనీబిసెంట్ ఉద్యమం మొదలెట్టారు.