ఫ్రాన్సిస్ డేవిస్

ఫ్రాన్సిస్ రైట్ డేవిస్ (1887 - 1978) అమెరికాకు చెందిన ఇంజనీరు. నూనె ఒత్తిడితో పనిచేసే పవర్ స్టీరింగును మోటారు వాహనాలకు పనికివచ్చే రూపంలో తయారుచేసినవాడుగా ప్రసిద్ధుడు. ఈ దిశలో ఆయనకు ముందు కూడా కొన్ని ప్రయత్నాలు జరిగాయి గాని అవి వాడుకలో నిలదొక్కుకోలేదు. ఇరవయ్యవ శతాబ్దపు ద్వితీయార్ధంలో ప్రపంచమంతటా కార్లలోను, లారీలలోను కనిపించిన స్టీరింగు ఏర్పాటుకు మూలం డేవిస్ 1920 దశకంలో చేసిన పనియే.

బాల్యము, ఉద్యోగము

డేవిస్ 1887లో ఫిలడెల్ఫియా నగరంలోని జర్మన్‌టౌన్‌లో జన్మించాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివి 1910లో పట్టభద్రుడయ్యాడు. తరువాత బఫెలో నగరంలోని పియర్స్-యారో మోటారు కార్ల కంపెనీలో చేరి, లారీల విభాగంలో ముఖ్య ఇంజనీరు స్థాయికి ఎదిగాడు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది ఈ లారీలే. బరువు వేసిన లారీ ముందు చక్రాలను తిప్పడానికి డ్రైవరు తన భుజబలం మొత్తం వెచ్చించవలసి వచ్చేది. చక్రం ఏ గుంటలోనైనా పడితే ఆ కుదుపు నేరుగా చేతులకు తగిలేది. స్టీరింగు పెట్టెలో పళ్ళ నిష్పత్తి పెంచితే శ్రమ తగ్గుతుంది గాని, చిన్న మలుపుకు కూడా స్టీరింగును ఎన్నో చుట్లు తిప్పాలి. 1920 దశకంలో తక్కువ గాలి ఒత్తిడితో నడిచే వెడల్పాటి టైర్లు రావడంతో కార్లలో సైతం స్టీరింగు బరువెక్కింది.

ఆవిష్కరణ

1922లో డేవిస్ మంచి ఉద్యోగాన్ని వదలుకొని మసాచుసెట్స్ రాష్ట్రంలోని వాల్థమ్ పట్టణంలో స్వంతంగా పరిశోధన మొదలుపెట్టాడు. జార్జి జెస్సప్ అనే నేర్పరియైన పనిముట్ల తయారీదారు ఆయనకు తోడయ్యాడు.

నూనె ఒత్తిడితో బరువులెత్తే యంత్రాలు అప్పటికే కర్మాగారాలలో ఉన్నాయి. వాటిలో వాల్వు మామూలుగా మూసి ఉంటుంది. వెనుక నూనె ఎల్లవేళలా ఒత్తిడిలో నిలిచి ఉంటుంది. ఇటువంటి నూనె ఎక్కడ చిన్న సందు దొరికినా బయటికి కారుతుంది, పంపుకు, గొట్టాలకు విశ్రాంతి ఉండదు. డేవిస్ ఈ పద్ధతిని తలక్రిందులు చేశాడు. ఆయన వాల్వు మామూలుగా తెరచి ఉంటుంది. కారు నేరుగా పోతున్నంతసేపు పంపు తోడిన నూనె పెద్దగా ఒత్తిడి లేకుండా తిరిగి తొట్టిలోకి వెళ్ళిపోతుంది. డ్రైవరు స్టీరింగు త్రిప్పగానే వాల్వు ఒకవైపు దారి మూసివేస్తుంది, అప్పుడు మాత్రమే ఒత్తిడి పెరిగి పిస్టనును నెడుతుంది. స్టీరింగుకు, చక్రాలకు మధ్య ఇనుప సంబంధం యథాతథంగా ఉండడం వలన నూనె పని చేయకపోయినా బండి అదుపులోనే ఉంటుంది, శ్రమ మాత్రం ఎక్కువవుతుంది. చూడటానికి చిన్నదిగా కనిపించే ఈ మార్పే ఆవిష్కరణలోని అసలు సారం.

ఈ యంత్రాన్ని డేవిస్ తన 1921 నాటి పియర్స్-యారో కారుకు అమర్చి నడిపి చూపించాడు. ఆయన పేటెంట్లలో ముఖ్యమైనది 1931లో మంజూరైంది.

నిరీక్షణ

1926లో డేవిస్ కారును డెట్రాయిటుకు తీసుకువెళ్ళి జనరల్ మోటార్స్ ఇంజనీర్లకు చూపించగా ఆ సంస్థ ఒప్పందం చేసుకున్నది. కాడిలాక్ కార్లలో దీనిని ప్రవేశపెట్టాలని ఆలోచన. ఇంతలో ఆర్థిక మాంద్యం ముంచుకొచ్చింది. అమ్ముడుపోయే కొద్ది కార్లకు ఇంత ఖర్చు గిట్టదని 1934లో సంస్థ ఒప్పందాన్ని రద్దు చేసింది. పుష్కర కాలం శ్రమించిన మనిషికి ఇది చిన్న దెబ్బ కాదు. 1936లో ఆయన బెండిక్స్ కంపెనీతో కలిశాడు.

చివరకు గిరాకీ తెచ్చినది రెండవ ప్రపంచ యుద్ధం. బరువైన సాయుధ శకటాలను చేతిబలంతో త్రిప్పడం కష్టం కనుక సైన్యాలు ఈ స్టీరింగును కోరాయి. మామూలు ప్రజల కారులోకి ఇది 1951లో వచ్చింది. క్రైస్లర్ కంపెనీ ఇంపీరియల్ కారులో ప్రవేశపెట్టిన స్టీరింగు, గడువు తీరిపోయిన డేవిస్ పేటెంట్ల ఆధారంగా చేసినది. పోటీలో వెనుకబడిన జనరల్ మోటార్స్ మళ్ళీ డేవిస్‌ను ఆశ్రయించి 1952లో కాడిలాక్‌లో తెచ్చింది. తొలిసారి నడిపి చూపిన నాటికీ దీనికీ నడుమ పాతికేళ్ళు గడిచాయి. డేవిస్ 1978లో మరణించాడు.

నూనె కారడం, పరీక్ష

డేవిస్ పద్ధతి తెలిసినవారికి ఇటువంటి స్టీరింగులో లీకు ఎలా వెదకాలో సులభంగా అర్థమవుతుంది. నేరుగా ఉన్నప్పుడు ఒత్తిడి స్వల్పం కనుక సన్నని లీకు నిలిపి ఉంచిన కారులో బయటపడకపోవచ్చు. అందుచేత మెకానిక్కులు కారు క్రింద అట్టముక్క పరచి, ఇంజను నడుస్తుండగా మరొకరిచేత స్టీరింగును ఈ చివరి నుండి ఆ చివరికి కొన్నిమార్లు త్రిప్పిస్తారు. చివర్లలో ఒత్తిడి గరిష్ఠం కనుక అక్కడ కొద్ది క్షణాలకు మించి నిలిపి ఉంచకూడదు, పంపు దెబ్బతింటుంది. నూనె సాధారణంగా కారేది గొట్టాల అతుకుల వద్ద, పంపు ఇరుసు సీలు వద్ద, చక్రాల వైపున్న రబ్బరు తొడుగులలో. తొడుగు పైకి పొడిగా ఉండి లోపల నూనె నిండి ఉండడం తరచు జరుగుతుంది, కనుక ఇంజను ఆపి చేతితో నొక్కి చూడాలి. తిరిగే బెల్టు దగ్గర చేయి పెట్టరాదు.

త్రిప్పినప్పుడు మూలిగినట్లు శబ్దం రావడం, తొట్టిలో నూనె కనిష్ఠ గీత క్రిందికి దిగడం ముందస్తు సూచనలు. చాలా కార్లలో ఈ నూనె ఎర్రగా ఉంటుంది గాని అన్నిటిలో కాదు. కొరత పూడ్చడానికి బ్రేకు ద్రవం పోస్తే సీళ్ళు పాడై లీకు మరింత పెరుగుతుంది.

తెరచి ఉంచిన వాల్వులో ఒక లోపమూ ఉన్నది. అవసరం లేనప్పుడు కూడా పంపు తిరుగుతూ ఇంజను శక్తిని కొంత తినివేస్తుంది. 1988లో జపానులో సుజుకి సెర్వో అనే చిన్న కారులో విద్యుత్తు మోటారుతో పనిచేసే స్టీరింగు వచ్చింది. ఇప్పుడు కొత్త కార్లలో అత్యధికం ఆ రకానివే, వాటిలో సాధారణంగా నూనె ఉండదు. బరువు లారీలలోను, బస్సులలోను మాత్రం నూనె స్టీరింగు కొనసాగుతున్నది.