వెరియర్ ఎల్విన్ - గోటుల్ విద్య

వెరియర్ ఎల్విన్ 1902లో ఇంగ్లండునందలి డోవరులో జన్మించెను. ఆక్స్‌ఫర్డున చదివి, 1927లో క్రైస్తవ సేవకుడుగా భారతదేశమునకు వచ్చి, గాంధీగారి ప్రభావమునకు లోనయ్యెను. 1932లో మిత్రుడు శ్యామరావు హివాలేతో మండ్లా గోండుల నడుమ కాపురముండి, వారి బిడ్డలకు బడులు పెట్టెను.

బడులు పెట్టిన యీతడే బస్తరులో విద్యార్థి యయ్యెను. మురియాల గోటుల్ అవివాహిత బాలబాలికల నిలయము. అందు ఉపాధ్యాయుడు లేడు, పుస్తకము లేదు. చెలిక్కులనబడు బాలురు కట్టెలు తెత్తురు. మోతియారీలనబడు బాలికలు ఊడ్చి శుభ్రపరతురు. ఊరి పెండ్లిండ్లలో అందరును పనిచేయుదురు. ఆటపాటలను పెద్దపిల్లలను చూచి చిన్నవారు నేర్తురు. పని యెగవేసిన వానిని విచారించి దండుగ వేయువారును పిల్లలే. చేసినదానిని తామే తరచి చూచుకొను ఈ యలవాటు మన బడులలో నేటికిని అరుదు.

గోటుల్‌పై 1947లో వెలువడిన ఆయన గ్రంథమును పలువురు అందలి స్త్రీపురుష సంబంధముల ముచ్చటకై చదివిరి, విద్యావిషయము మరుగుపడెను. ఆయన చిత్రణలో మక్కువ పాలు హెచ్చన్న విమర్శయు త్రోసివేయదగినది కాదు. బడులు పెరిగినకొలది గోటుళ్లు సన్నగిల్లినవి.

సవరభాష నేర్చి, ఆ భాషలోనే సవరలకు చదువు చెప్పించిన మన గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ త్రోవలో ఎల్విన్‌కు పూర్వులు. ఎల్విన్ కూడ 1955లో సవరల మతముపై గ్రంథము ప్రకటించెను. 1954లో భారత పౌరుడై, 1964 ఫిబ్రవరి 22న ఢిల్లీలో మరణించెను.